లోడ్ చేసే ముందు లెక్క చేయండి!

‘గేజు పనిచేయడం లేదు. న్యూమాటిక్ సిలిండర్‌లో ప్రెషర్ ఎంతుందో ఎలా చెబుతావు?’

హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ప్రశ్న ఇది. బీటెక్ పూర్తయిన కొత్తలో అడిగి ఉంటే బాయిల్ సూత్రం గడగడా అప్పజెప్పి కూర్చునేవాణ్ని. అప్పట్లో అలాంటి ఇంటర్వ్యూలు ఆరింటికి వెళ్లాను. ఆరింటిలోనూ అప్పజెప్పాను. ఒక్క ఆఫర్ కూడా రాలేదు. ఈసారి మాత్రం నా కుడి అరచేతి మీదున్న మచ్చ చూపించి, ‘సార్, ఇది నాకు ఒకసారి ఎదురైంది, చెప్పమంటారా?’ అన్నాను.

ఆ మచ్చ వెనకున్నది న్యూమాటిక్ స్పియర్‌గన్. నీళ్లలో చేపను ఈటెతో కొట్టే, గాలితో పనిచేసే తుపాకీ. చెరకు తోటల మధ్య, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో పెరిగినవాడికి దీంతో పనేంటని అడుగుతారేమో. చెబుతా.

రెంజల్ నుంచి మస్కట్ దాకా

మాది రెంజల్ మండలం. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే కందకుర్తి మా మండలంలోనే ఉంది. మంజీర, హరిద్ర వచ్చి కలిసే త్రివేణి సంగమం అది. 2015 జులైలో పుష్కరాలకు బాపుతో కలిసి అక్కడే మునిగాను. అదే ఏడాది డిసెంబరులో బోధన్‌లోని నిజాం షుగర్స్ మూతపడింది. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీలో బాపు ఫిట్టర్. నేనప్పుడు బీటెక్ మెకానికల్ రెండో ఏడాది.

బాపుకు ఇంగ్లిష్ పెద్దగా రాదు కానీ వాల్వు సంగతి ఆయనకు తెలిసినట్టు మా కాలేజీలో ఎవరికీ తెలియదు. ఇంట్లో అన్నం తింటూ చెప్పేవాడు: ‘గేజు జీరో సూపిచ్చినా లోపల గాలి లేదనుకోకు బిడ్డా. వాల్వు ఇప్పినంకనే నమ్ము.’ నేను ఊ కొట్టి ఫోన్ చూసుకునేవాణ్ని.

డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. మా వైపు పిల్లలు చాలామంది చేసేదే నేనూ చేశాను. గల్ఫ్ వెళ్లాను. మస్కట్‌లో ప్యాకింగ్ మిషన్ల మెయింటెనెన్స్ పని. రూమ్‌లో ఉన్న అన్నది కాకినాడ దగ్గర బెస్త కుటుంబం. శుక్రవారం సెలవొస్తే మాకు వంట, నిద్ర. ఆయనకు మాత్రం సముద్రం. ఒకరోజు సెకండ్ హ్యాండ్‌లో ఒక న్యూమాటిక్ గన్ను కొనుక్కొచ్చాడు. ‘ఇంజినీరువు కదా తమ్ముడూ, నువ్వే చూడు’ అని నా చేతిలో పెట్టాడు. ఆ మాటకు పొంగిపోయాను.

అసలు లోపల ఏముంది?

స్పియర్‌గన్‌లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది రబ్బరు బ్యాండుతో పనిచేసేది. మన ఉండేలుకు అన్నయ్య అనుకోండి. రెండోది న్యూమాటిక్. దీన్ని పెద్ద సైకిల్ పంపులా ఊహించుకోండి. బయట ఒక గొట్టం, అదే గాలి ట్యాంకు. దాని లోపల సన్నని గొట్టం, అందులో పిస్టన్. ముందువైపు మూతి, దాన్ని మజిల్ అంటారు. పిస్టన్ ఆగే చోట దెబ్బను తట్టుకునే షాక్ అబ్జార్బర్ అక్కడే ఉంటుంది. వెనకవైపు ట్రిగ్గర్ కొక్కెం, గాలి నింపే వన్‌వే వాల్వు.

గాలిని చేతితో కొట్టే పంపుతో ముందే ఒకసారి నింపుతారు. ఈటెను మజిల్‌లోంచి లోపలికి నెడితే అది పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. గాలి ఇంకా నలుగుతుంది. చివర్లో పిస్టన్ వెళ్లి కొక్కేనికి తగులుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వదులుతుంది, గాలి పిస్టన్‌ను తోస్తుంది, ఈటె దూసుకుపోతుంది. గాలి బయటికి పోదు కాబట్టి ప్రతిసారీ నింపక్కర్లేదు. అంటే గాలి ఇక్కడ స్ప్రింగులా పనిచేస్తుంది. ఆ స్ప్రింగును బిగించేది మన చెయ్యే.

ఈ గన్నుల తయారీలో ఇటలీ కంపెనీలది పెద్ద పేరు. మారెస్ వాళ్ల స్టెన్, సిరానో, సియాక్ వాళ్ల అస్సో, క్రెస్సీ వాళ్ల ఎస్‌ఎల్ మోడళ్లు ఈ ఆట తెలిసినవాళ్లందరికీ తెలుసు.

ఏది ఎంచుకోవాలి?

ఎక్కువమంది చేసే తప్పు ‘పెద్దది కొంటే మంచిది’ అనుకోవడం. మా అన్న కూడా అదే చేశాడు. నిజానికి ఎంపిక నాలుగు ప్రశ్నల మీద ఆధారపడుతుంది.

నీళ్లు ఎంత తేటగా ఉన్నాయి? రెండు మూడు మీటర్ల అవతల ఏమీ కనబడని చోట పొడవాటి గన్ను దండగ. మసక నీళ్లకు, బండల సందులకు 50 నుంచి 70 సెంటీమీటర్లది చాలు. తేటగా ఉండే చోట 80 నుంచి 100. అంతకు మించినవి లోతైన సముద్రంలో పెద్ద చేపల కోసం, బాగా అనుభవం ఉన్నవాళ్ల కోసం.

నీ చేతిలో బలమెంత? రబ్బరు గన్నుకు రెండు బ్యాండులుంటే ఒక్కోటి లాగి తగిలించుకోవచ్చు. న్యూమాటిక్‌లో ఆ సౌకర్యం లేదు. ఒకే తోపులో చివరిదాకా వెళ్లాలి. సగంలో ఆగిపోతే ప్రమాదం.

లోపలి గొట్టం వ్యాసం ఎంత? పాత మోడళ్లలో 13 మిల్లీమీటర్లు మామూలు. 11 మిల్లీమీటర్లవీ ఉన్నాయి. ఈ రెండు మిల్లీమీటర్ల తేడా చేతికి బాగా తెలుస్తుంది. ఎలాగో కింద లెక్కలో చూద్దాం.

రిపేరు చేసుకోగలవా? రబ్బరు బ్యాండు తెగితే కొత్తది వేస్తే సరి. న్యూమాటిక్‌లో ఓ రింగులు, వాల్వులు, నూనె ఉంటాయి. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి. విప్పాలంటే ముందు గాలి మొత్తం తీసేయాలి. ఈ ఓపిక లేనివాళ్లకు రబ్బరు గన్నే మేలు. న్యూమాటిక్‌కున్న లాభం ఏంటంటే, తక్కువ పొడవులో ఎక్కువ శక్తి. కొన్ని మోడళ్లలో పవర్ తగ్గించుకునే మీట కూడా ఉంటుంది. బండల దగ్గర కొట్టేటప్పుడు ఈటె మొన వంగకుండా అది కాపాడుతుంది.

ఇప్పుడు లెక్క

పెన్ను తీసుకోండి. ఇది ఇంటర్వ్యూకీ పనికొస్తుంది.

లోపలి గొట్టం వ్యాసం 13 మిల్లీమీటర్లయితే పిస్టన్ వైశాల్యం దాదాపు 1.33 చదరపు సెంటీమీటర్లు. ముందుగా నింపిన గాలి 20 బార్ అనుకుందాం. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో తోపు. అంటే ఈటెను కదిలించడానికే దాదాపు 27 కిలోల బలం కావాలి. అదే 11 మిల్లీమీటర్ల గొట్టమైతే వైశాల్యం 0.95 కాబట్టి 19 కిలోలే. రెండు మిల్లీమీటర్లకు ఎనిమిది కిలోల తేడా!

లోపలికి నెట్టేకొద్దీ గాలికి జాగా తగ్గుతుంది. మొత్తం జాగా 530 సీసీ అనుకోండి. పిస్టన్ 80 సెంటీమీటర్లు వెనక్కి వెళితే 106 సీసీ పోయి 424 మిగులుతుంది. ఇక్కడే చాలామంది జారిపడతారు. గేజు చూపించే 20కి వాతావరణ పీడనం 1 కలిపి 21తో లెక్క చేయాలి. 21ని 530తో గుణించి 424తో భాగిస్తే 26 చిల్లర. మళ్లీ ఒకటి తీసేస్తే గేజు మీద 25 బార్. అంటే చివర్లో కొక్కేనికి తగిలే క్షణంలో చెయ్యి 34 కిలోలు తోస్తూ ఉంటుంది.

సగటున 30 కిలోల బలం, 0.8 మీటరు దూరం. గుణిస్తే 24. అంటే సగం సిమెంటు బస్తాను నడుం ఎత్తుకు లేపితే ఎంత శక్తో అంత శక్తి, పెన్సిల్ మందమున్న ఈటె వెనక దాక్కుని ఉంటుంది. దానికి మొన పదును కూడా ఉంటుంది.

నా తప్పు

మా అన్న కొన్న గన్నులో గాలి ఎంతుందో అమ్మినవాడు చెప్పలేదు, మేమూ అడగలేదు. పైగా ‘ఇంకాస్త పవర్ ఉంటే బాగుంటది’ అని రూమ్‌లో కూర్చుని లెక్కపెట్టకుండా పంపు కొట్టాం. పంపుతో పాటు వచ్చే పట్టికలో ఎన్ని పంపులకు ఎన్ని బార్ అవుతుందో రాసి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కదా, మా దగ్గర ఆ కాగితమే లేదు.

శుక్రవారం పొద్దున నడుంలోతు నీళ్లలో నిలబడ్డాం. ‘నేను లోడ్ చేస్తా’ అన్నాను. గన్ను పిడిని తొడకు ఆనించి, ఈటె మొనకు హ్యాండిల్ తగిలించి తోశాను. ముప్పావు దూరం వెళ్లింది. చెయ్యి వణికింది. ఒంటిని పక్కకు వంచి మళ్లీ తోశాను. ఏదో చప్పుడు వినిపించింది. తగులుకుందనుకుని చెయ్యి వదిలేశాను.

తగులుకోలేదు. ఈటె హ్యాండిల్‌ను ఎగరేసుకుంటూ బయటికొచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చీలింది. ఈటె నా చెవి పక్కనుంచి పోయింది. ఎంత పక్కనుంచి అన్నది అన్న ఇప్పటికీ చెప్పడు. ఏడు కుట్లు పడ్డాయి.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మకు ‘మిషన్ల దగ్గర గీసుకుంది’ అని అబద్ధం చెప్పాను. బాపు ఫోన్ తీసుకుని ఒకటే అడిగాడు: ‘గాలి తీసినంకనే చెయ్యి పెట్టినవా?’ నాకు మాట రాలేదు.

కుట్లు విప్పాక లెక్కకు కూర్చున్నాను. గేజు లేదు. రూమ్‌లో బరువు తూచే మిషను ఉంది. దాని మీద మందపాటి చెక్క పెట్టి, మొన తీసేసిన ఈటెను నిలువుగా ఆనించి, తల పక్కకు పెట్టుకుని, గన్నును మెల్లగా కిందికి నొక్కాను. పిస్టన్ కదలడం మొదలుపెట్టిన క్షణంలో మిషను 38 కిలోలు చూపించింది. 1.33తో భాగిస్తే దాదాపు 28 బార్. చివరిదాకా నెడితే 35 బార్ దాటుతుంది, అంటే 48 కిలోల తోపు. నా బరువే అప్పుడు 61. నేను తోయలేనిదాన్ని తోయబోయాను. నొక్కే ముందు ఈ ఒక్క భాగహారం చేసుంటే ఏడు కుట్లు తప్పేవి.

లోడింగ్... ఒక్కో మెట్టూ

ఆ తర్వాత గాలి తీసి 18 బార్‌కు తెచ్చి, పద్ధతి నేర్చుకుని చేశాం. అది ఇదీ.

1. లోడింగ్ నీళ్లలోనే. ఒడ్డున, పడవలో, గదిలో ఎప్పుడూ వద్దు. నీళ్ల బయట పేల్చితే ఈటెను ఆపేది ఏదీ ఉండదు, గన్ను లోపలి భాగాలూ దెబ్బతింటాయి.

2. తోడున్నవాళ్లు మీ వెనక ఉండాలి. మజిల్ ముందు ఎవరూ ఉండకూడదు.

3. ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. సేఫ్టీ ఎప్పుడు ఎలా ఉండాలో ఆ మోడల్ మాన్యువల్‌లో చూసుకోండి. సేఫ్టీ ఉంది కదా అని మజిల్ ముందుకు చెయ్యి పోనివ్వొద్దు.

4. ఈటె తోక పిస్టన్‌లో సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. నైలాను తాడు చేతికి, కాలికి చుట్టుకోకుండా సర్దుకోండి.

5. చిన్న గన్నైతే పిడిని తొడకు, పొడవాటిదైతే పాదం పైభాగానికి ఆనించండి. తల, ఛాతీ ఈటె వరసలో ఉండకూడదు.

6. లోడింగ్ హ్యాండిల్ తగిలించి ఒకే వరసలో, ఒకే తోపులో నెట్టండి. పక్కకు తోస్తే ఈటె వంగుతుంది.

7. ‘టక్’ మన్నా నమ్మొద్దు. పట్టు వదలకుండా బలం మెల్లగా తగ్గించి చూడండి. ఈటె వెనక్కి రాకపోతేనే తగులుకున్నట్టు. వస్తుంటే పట్టుకునే ఉండి, మెల్లగా ముందుకు రానివ్వండి.

8. నీళ్లలోంచి బయటికి వచ్చే ముందు, ఎవరూ లేని వైపు నీళ్లలోకే పేల్చి ఖాళీ చేయండి.

ఇంకో రెండు హెచ్చరికలు. పెద్ద సిలిండర్ నుంచి నేరుగా గాలి ఎక్కించొద్దు. ఆక్సిజన్ అయితే అసలే వద్దు. లోపల నూనె ఉంటుంది, ఒత్తిడిలో ఆక్సిజన్, నూనె కలిస్తే పేలిపోతుంది. ఇక ఊపిరి బిగబట్టి మునిగేవాళ్లు ఒంటరిగా దిగకూడదు. నీళ్లలో స్పృహ తప్పేముందు శరీరం హెచ్చరిక ఇవ్వకపోవచ్చు. ఒకరు కిందికి వెళితే ఒకరు పైన ఉండి చూడాలి.

మన గోదావరిలో కొట్టొచ్చా?

ఇంటికొచ్చాక దోస్తులు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. వద్దు. మొదటి కారణం నీళ్లు. వానాకాలం కందకుర్తి దగ్గర గోదావరిలో మీ చెయ్యే మీకు కనబడదు. కనబడని చోట ఈటె వదిలితే అది చేపకు తగులుతుందా, ఈత కొట్టే పిల్లాడికి తగులుతుందా ఎవరు చెప్పాలి? రెండో కారణం హక్కు. మన చెరువుల్లో చేపలు పట్టే హక్కు మత్స్య సహకార సంఘాలది. ఆ కొర్రమీను మీద ఒక గంగపుత్రుడి, ఒక ముదిరాజ్ కుటుంబం బతుకు ఆధారపడి ఉంది. మందుగుండు, విషం వేసి చేపలు పట్టడాన్నయితే 1897 నాటి చట్టమే నిషేధించింది.

గల్ఫ్ వెళ్లేవాళ్లు కూడా ‘అందరూ చేస్తున్నారు కదా’ అని దిగొద్దు. అబుదాబిలో సరదాకు చేపలు పట్టాలన్నా లైసెన్సు కావాలి. ఆక్సిజన్ సిలిండర్లని మనవాళ్లు పిలిచే స్కూబా ట్యాంకు కట్టుకుని ఈటెతో కొట్టడం చాలా దేశాల్లో నిషేధం. పరాయి దేశంలో కేసైతే సరదాతో పాటు వీసా కూడా పోతుంది.

ఈ గాలి లెక్కతో ఉద్యోగాలు ఎక్కడ?

మనకు గన్ను అక్కర్లేదు, దాని లోపలి లెక్క కావాలి. అదే సిలిండర్, అదే పిస్టన్, అదే వాల్వు బిస్కెట్ ప్యాకింగ్ లైన్లలో, మందుల కంపెనీల్లో, చక్కెర ఫ్యాక్టరీల్లో, బస్సు తలుపుల్లో ఉన్నాయి. ఫ్యాక్టరీ లైన్లలో మామూలుగా 6 బార్ చుట్టుపక్కల పనిచేస్తాయి.

* మెకానికల్, ఈఈఈ, మెకట్రానిక్స్ వాళ్లు: న్యూమాటిక్స్, పీఎల్‌సీ కలిపి నేర్చుకుంటే మెయింటెనెన్స్, ఆటోమేషన్ ఉద్యోగాలకు దారి. ఫెస్టో, ఎస్‌ఎంసీ లాంటి కంపెనీలు శిక్షణ కూడా ఇస్తాయి.

* నీళ్లంటే ఇష్టమున్నవాళ్లు: 1993లో చెన్నైలో ఏర్పాటైన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య 6000 మీద పనిచేస్తోంది. అక్కడ లెక్క తిరగబడుతుంది. ప్రెషర్ బయటుంటుంది, మనుషులు లోపలుంటారు. పది మీటర్లకు ఒక బార్ చొప్పున 6,000 మీటర్లకు ఎంతో మీరే చెప్పండి.

* పదో తరగతి తర్వాత వృత్తి కోర్సు కోరుకునే తమ్ముళ్లుంటే: కొచ్చి కేంద్రంగా ఉన్న సిఫ్నెట్‌కు విశాఖపట్నంలోనూ యూనిట్ ఉంది. వెసల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులు నడుపుతుంది.

* ఇంటర్ బైపీసీ వాళ్లు: వనపర్తి జిల్లా పెబ్బేరులో, నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య శాస్త్ర కళాశాలలున్నాయి.

అర్హతలు, వయసు, తేదీలు మాత్రం నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. వాట్సాప్‌లో వచ్చింది నమ్మి డబ్బు కట్టొద్దు.

మళ్లీ ఆ ఇంటర్వ్యూకి...

బరువు తూచే మిషను కథ మొత్తం చెప్పాను. వైశాల్యం, బలం, భాగహారం బోర్డు మీద వేశాను. ప్యానెల్‌లో పెద్దాయన నవ్వి ఇంకో ప్రశ్న వేశారు: ‘సరే, గేజు సున్నా చూపిస్తోంది. సిలిండర్ విప్పుతావా?’

‘విప్పను సార్. సప్లై ఆపి, తాళం వేసి, వాల్వు తెరిచి గాలి పోయిందని చూశాకే చెయ్యి పెడతా’ అన్నాను. ఎవరు నేర్పారని అడిగితే, ‘మా బాపు సార్, శక్కర్‌నగర్‌లో ఫిట్టర్’ అని చెప్పాను. ఆ ఉద్యోగంలోనే ఇప్పుడు మూడో ఏడాది నడుస్తోంది.

మీరు మస్కట్ వెళ్లక్కర్లేదు, కుట్లు వేయించుకోనక్కర్లేదు. ఇంట్లో సైకిల్ పంపు, బరువు తూచే మిషను ఉంటే చాలు. పంపు గొట్టం లోపలి వ్యాసం కొలవండి. పంపును మిషను మీద నిలబెట్టి, దాని బరువు ఎంతో ముందే రాసుకోండి. ట్యూబుకు తగిలించి మెల్లగా నొక్కుతూ, ట్యూబులోకి గాలి వెళ్లడం మొదలైనప్పుడు మిషను ఎంత చూపిస్తుందో చూసి, పంపు బరువు తీసేయండి. వైశాల్యంతో భాగిస్తే ట్యూబులో ప్రెషర్ ఎంతో దాదాపుగా వస్తుంది. తర్వాత పంక్చర్ షాపులో గేజుతో సరిచూడండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో రాసుకోండి. పిస్టన్ రాపిడా? మిషను తప్పా? కొలత తప్పా?

ఆ కాగితం పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లండి. ‘నీ ప్రాజెక్టు గురించి చెప్పు’ అన్నప్పుడు కొనుక్కున్న ప్రాజెక్టు రిపోర్టు కన్నా మీ చేత్తో చేసిన ఈ సైకిల్ పంపు లెక్కే ఎక్కువసేపు మాట్లాడిస్తుంది.